సొంత మైక్ సెట్ ఉన్న సింగర్: బ్లాక్ సబ్బాత్ నలుగురూ ఎలా కలిశారు

1960ల చివర్లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ సిటీలో, ఒక మ్యూజిక్ షాపులో ఓ కాగితం కనబడేది. దాని మీద రాసి ఉన్నది ఇంతే: ఆజీ జిగ్‌కి గిగ్ కావాలి, సొంత పీఏ ఉంది. గిగ్ అంటే ప్రోగ్రాము, పీఏ అంటే మనం మైక్ సెట్ అంటాం కదా అదే, మైకులు ఆంప్లిఫయర్ స్పీకర్లు అన్నీ కలిపి. బాగా పాడతాను అని అందులో లేదు, ఎక్కడ నేర్చుకున్నాడో లేదు, ఎలాంటి పాటలు పాడతాడో కూడా లేదు, మైక్ సెట్ ఉందని మాత్రం ఉంది. ఆ ముక్క చూసే ముందు ఒకతను, కొన్నాళ్లకి ఇంకో ఇద్దరు ఆ పిలగాడి ఇంటికి వెళ్లారు. ఆ నలుగురూ కలిస్తే అయిందే బ్లాక్ సబ్బాత్, హెవీ మెటల్, అంటే బరువైన గిటార్ మోతతో నడిచే రాక్ సంగీతం, ఎక్కడ మొదలైంది అని అడిగితే చాలామంది వేలు పెట్టి చూపించే బ్యాండ్.

పెద్ద బ్యాండ్‌ల పుట్టుక గురించి రాసేటప్పుడు నలుగురు మేధావులు ఒకచోట కలవాలని ముందే రాసిపెట్టి ఉన్నట్టు రాసేయడం మామూలే. తర్వాత వచ్చిన పేరుని వెనక్కి తీసుకెళ్లి మొదటి రోజుకి అతికించేస్తారు. కానీ ఈ నలుగురి కథ దగ్గరగా చూస్తే అప్పట్లో లెక్కకి వచ్చినవి వేరే. ఎవరి ఇల్లు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది, ఎవరి దగ్గర ఏ సామాను ఉంది, ఎవరు ఎవర్ని వదిలి రానన్నారు, ప్రధానంగా ఈ మూడు విషయాలే. లోకల్ బ్యాండ్ ఎలా తయారవుతుందో అర్థం కావాలంటే పాటల కంటే ముందు ఆ వీధులు చూడాలి.

ఆ వీధుల పేరు ఆస్టన్. బర్మింగ్‌హామ్‌లో ఫ్యాక్టరీ పనివాళ్లు ఉండే ఏరియా, గోడకి గోడ ఆనుకుని వరసగా చిన్న చిన్న ఇళ్లు, మధ్యలో ఆస్టన్ విల్లా ఫుట్‌బాల్ క్లబ్ వాళ్ల గ్రౌండ్ విల్లా పార్క్. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ బాంబులు బాగా పడ్డ సిటీ అది, యుద్ధం అయిపోయిన చాలా ఏళ్ల దాకా కూలిన ఇళ్ల దిబ్బలు అలాగే ఉండేవి, పిల్లలు వాటి మీదే ఆడుకునేవాళ్లు. గిటారిస్టు టోనీ అయోమీ, డ్రమ్మర్ బిల్ వార్డ్, ఆ కాగితం పెట్టిన సింగర్ ఆజీ ఆజ్‌బోర్న్ ముగ్గురూ 1948లో పుట్టారు, తర్వాత బేస్ గిటార్ పట్టిన గీజర్ బట్లర్ 1949లో. అంటే నలుగురికీ మధ్య తేడా ఏడాదిన్నర కూడా లేదు, పెరిగింది ఒకే చోట, అయినా చిన్నప్పట్నుంచీ ప్రాణస్నేహితులేం కాదు. టోనీ, ఆజీ ఒకే బడి, బర్చ్‌ఫీల్డ్ రోడ్ సెకండరీ మోడరన్, టోనీ ఒక క్లాసు పైన, వాళ్లిద్దరి మధ్యా స్నేహం మాట అటుంచితే ఆజీకి అతనంటే భయం, కనబడితే తంతాడని. ఈ విషయం తర్వాత ఇద్దరూ ఇంటర్వ్యూల్లో ఒప్పుకున్నదే.

సెకండరీ మోడరన్ అంటే ఏంటో కూడా చెప్పుకోవాలి, లేకపోతే కథలో సగం అర్థం కాదు. అప్పటి ఇంగ్లండ్‌లో పదకొండేళ్లకి ఒక పరీక్ష ఉండేది, అందులో పాసైనవాళ్లు గ్రామర్ స్కూల్‌కి, తప్పినవాళ్లలో ఎక్కువమంది సెకండరీ మోడరన్‌కి. అక్కడికి వెళ్తే పదిహేనేళ్లకి బడి అయిపోతుంది, ఆ తర్వాత ఫ్యాక్టరీ. పదకొండేళ్లప్పుడే జీవితం ఎటు పోతుందో దాదాపు ఖాయం చేసేసే పద్ధతి అది, దాన్ని ఎంత తిట్టినా తక్కువే. గీజర్ మాత్రం గ్రామర్ స్కూల్‌లో చదివాడు, తర్వాత ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో అకౌంట్స్ పని నేర్చుకుంటూ ఉండేవాడు. ఆ తేడా బ్యాండ్‌లో పాటలు ఎవరు రాయాలి అనే దగ్గర పనికొచ్చింది, ఎక్కువ పాటలకి మాటలు గీజర్‌వే.

ఇక టోనీ వేళ్ల సంగతి. ఇది లేకుండా ఈ బ్యాండ్ గురించి మాట్లాడటం కుదరదు. అతనికి మొదట డ్రమ్స్ నేర్చుకోవాలని ఉండేది, ఇంట్లో ఆ మోత భరించలేరు కాబట్టి గిటార్ పట్టాడు, ఎడమచేతి వాటం. పదిహేడేళ్లప్పుడు రేకుల ఫ్యాక్టరీలో వెల్డింగ్ పని చేసేవాడు, ఒక బ్యాండ్‌తో జర్మనీ టూర్‌కి వెళ్లే చాన్స్ వచ్చి ఉద్యోగం మానేశాడు, ఆ రోజే ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఇంక మళ్లీ వెళ్లను అంటే, మొదలుపెట్టిన పని పూర్తి చేసి రావాలి కదా అని వాళ్లమ్మ పంపించింది. ఆ రోజు రేకు కోసే మిషన్ దగ్గర పనిచేసే మనిషి రాలేదు, దాని మీద టోనీని కూర్చోబెట్టారు, అలవాటు లేని మిషన్, కుడిచేతి మధ్యవేలు ఉంగరం వేలు కొసలు రెండూ తెగిపోయాయి. ఎడమచేతి వాటం గిటారిస్టుకి కుడిచెయ్యే తీగల మీద నొక్కే చెయ్యి. డాక్టర్లు ఇంక గిటార్ మర్చిపో అన్నారు.

ఇంట్లో కుమిలిపోతూ కూర్చున్న ఆ పిలగాడి దగ్గరికి ఫ్యాక్టరీ మేనేజరే ఒక రికార్డ్ పట్టుకొచ్చాడు. అది జాంగో రైన్‌హార్ట్ అనే జాజ్ గిటారిస్టుది, 1928లో బండికి నిప్పంటుకుని ఎడమచేతి రెండు వేళ్లు పనికిరాకుండా పోతే మిగతా రెండు వేళ్లతోనే సోలోలు వాయించి యూరప్ అంతా పేరు తెచ్చుకున్న మనిషి. అది విన్నాక టోనీ మళ్లీ మొదలుపెట్టాడు. గిన్నెలు తోమే లిక్విడ్ వచ్చే ప్లాస్టిక్ సీసా కరిగించి, వేళ్లకి తొడుక్కునే టోపీల్లాంటివి చేసుకున్నాడు, రాకి రాకి సైజుకి తెచ్చి, జారకుండా పాత లెదర్ జాకెట్ ముక్క కోసి పైన అతికించాడు. దాంతో వేళ్ల కింద తీగ తెలీదు, ఎంత గట్టిగా నొక్కుతున్నాడో తెలీదు, మామూలు తీగలు బలంగా ఉండి నొక్కలేకపోయేవాడు, పల్చటి గిటార్ తీగలు అప్పట్లో దొరక్కపోతే బాంజో తీగలు తెచ్చి బిగించుకున్నాడు. తర్వాత్తర్వాత శ్రుతే కిందికి దించేశాడు, 1971లో వచ్చిన మూడో ఆల్బమ్ నాటికి కొన్ని పాటల్లో మూడు మెట్లు కిందికి వెళ్లిపోయింది. తీగ వదులైతే నొక్కడం తేలిక, పైగా శబ్దం బరువుగా, చీకటిగా వస్తుంది. ఇవాళ ప్రపంచంలో మెటల్ వాయించే ప్రతి గిటారిస్టూ శ్రుతి దించుకోవడం మామూలు విషయం అనుకుంటున్నాడు, దాని వెనక ఒక కుర్రాడి తెగిన వేళ్లు ఉన్నాయి.

బిల్ వార్డ్ కథ ఇంత పొడుగు లేదు. జాజ్ డ్రమ్మర్లంటే పిచ్చి, జీన్ క్రూపా బడ్డీ రిచ్ వింటూ పెరిగాడు, అందుకే సబ్బాత్ పాటల్లో గిటార్ ఎంత బరువుగా నడుస్తున్నా వెనక డ్రమ్స్ ఊగుతూ ఉంటాయి. టోనీ, బిల్ అప్పటికే ఒక జంట, ద రెస్ట్ అనే లోకల్ బ్యాండ్‌లో కలిసి వాయించారు, తర్వాత ఉత్తరాన కార్లైల్‌లో మైథాలజీ అనే బ్యాండ్‌లోకి ఇద్దరూ వెళ్లారు. అక్కడ 1968లో గంజాయి కేసులో పోలీసులు పట్టుకోవడంతో బుకింగ్‌లు ఆగిపోయి బ్యాండ్ విడిపోయింది, ఇద్దరూ సామాను సర్దుకుని బర్మింగ్‌హామ్ వచ్చేశారు. చేతిలో గిటార్ ఉంది, డ్రమ్స్ ఉన్నాయి, పాడేవాడు లేడు.

పాడేవాడు ఆస్టన్‌లోనే 14 లాడ్జ్ రోడ్‌లో ఉన్నాడు. ఆరుగురు పిల్లలున్న ఇల్లు, తండ్రి జీఈసీ ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ, తల్లి లూకాస్ కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో. ఆజీకి అక్షరాలు సరిగ్గా పట్టుబడేవి కావు, డిస్‌లెక్సియా అని తర్వాత తెలిసింది, అప్పటి బడిలో మాత్రం అలాంటివాణ్ణి మొద్దు అనేవాళ్లు. పదిహేనేళ్లకి బడి వదిలేసి లూకాస్‌లో కారు హారన్‌లు ట్యూన్ చేసే పని చేశాడు, పశువుల వధశాలలో పనిచేశాడు, ఏదీ నిలవలేదు, దొంగతనం చేసి దొరికి, తండ్రి బుద్ధి రావాలని జరిమానా కట్టకపోతే విన్సన్ గ్రీన్ జైల్లో కొన్ని వారాలున్నాడు. అదే తండ్రి తర్వాత అప్పు చేసి 250 పౌండ్లు పెట్టి కొడుక్కి మైక్ సెట్ కొనిపెట్టాడు. ఫ్యాక్టరీ జీతంతో ఆరుగురు పిల్లల్ని సాకుతున్న ఇంట్లో అప్పట్లో 250 పౌండ్లు అంటే చాలా పెద్ద మొత్తం. హెవీ మెటల్ చరిత్రలో రావాల్సినంత గుర్తింపు రాని మనిషి ఎవరంటే ఆ తండ్రి పేరే చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ సెట్ లేకపోతే ఆ కాగితంలో రాయడానికి ఏమీ లేదు, దాన్ని చూసి వచ్చేవాళ్లూ ఉండేవాళ్లు కాదు.

మైక్ సెట్‌కి అంత విలువ ఎందుకంటే, ఆ రోజుల్లో పబ్బులు చిన్న హాళ్లలో ప్రోగ్రాము అంటే సౌండ్ సామాను బ్యాండ్ వాళ్లే తెచ్చుకోవాల్సి వచ్చేది. గిటార్‌కీ, మంద్రంగా పలికే బేస్ గిటార్‌కీ వాళ్ల వాళ్ల ఆంప్లిఫయర్‌లు ఉంటాయి, డ్రమ్స్‌కి ఏమీ అక్కర్లేదు, ఆ మోతలో గొంతు వినబడాలంటే మాత్రం మైక్ సెట్ ఉండాలి, అదేమో ఖరీదు. కాబట్టి ఓ మోస్తరుగా పాడి సెట్ ఉన్నవాడు, అద్భుతంగా పాడి సెట్ లేనివాడి కంటే ముందు లైన్లో ఉంటాడు. వినడానికి అన్యాయంగా ఉంటుంది గానీ చేతిలో డబ్బుల్లేని కుర్రాళ్ల బ్యాండ్‌లకి అది తప్పని లెక్క.

కాగితం చూసి ముందు వెళ్లింది గీజర్. అప్పటికి రేర్ బ్రీడ్ అనే బ్యాండ్‌లో రిథమ్ గిటార్ వాయిస్తున్నాడు, వాళ్లకి సింగర్ కావాలి. గీజర్ చెప్పే కథ ప్రకారం తను వెళ్లినప్పుడు ఆజీ ఇంట్లో లేడు, తర్వాత ఆజీయే గీజర్ ఇంటికొచ్చాడు, గుండు, కాళ్లకి చెప్పుల్లేవు, భుజం మీద పొగగొట్టం తుడిచే బ్రష్, చేతిలో కుక్క గొలుసు, ఆ గొలుసుకి కుక్క బదులు ఒక బూటు కట్టి లాక్కుంటూ వచ్చాడు. అలాంటి అవతారం చూసి కూడా గీజర్ అతన్ని తీసుకున్నాడు. రేర్ బ్రీడ్ ఎక్కువ రోజులు నిలవలేదు, కానీ ఇద్దరూ జంటగా మిగిలారు. ఈ జంటలు అనే విషయం ముఖ్యం, ఎందుకంటే ఇప్పుడు ఆస్టన్‌లో రెండు జంటలు ఉన్నాయి, ఒక దగ్గర గిటార్, డ్రమ్స్, ఇంకో దగ్గర గొంతు, మాటలు, మైక్ సెట్, కానీ ఒకరి సంగతి ఒకరికి తెలీదు.

టోనీ, బిల్ కూడా ఆ కాగితం చూశారు. ఆజీ అనే పేరు చూడగానే టోనీకి అనుమానం వచ్చింది, బడిలో ఒక ఆజీ ఉండేవాడు, వాడు మాత్రం అయ్యుండడు, వాడికి పాడటం రాదు అనుకున్నాడు. లాడ్జ్ రోడ్ వెళ్లి తలుపు కొడితే వచ్చింది వాడే. టోనీ బిల్‌తో వద్దు పద అన్నాడు, ఇద్దరూ వెనక్కి వచ్చేశారు. బ్యాండ్ అక్కడే ఆగిపోవాల్సింది. కొద్ది రోజులకి ఆజీ, గీజర్ టోనీ ఇంటికొచ్చారు, వాళ్లు వెతుకుతున్నది డ్రమ్మర్‌ని, టోనీని కాదు. ఆ టైమ్‌కి బిల్ అక్కడే ఉన్నాడు, అడిగితే టోనీ లేకుండా నేను రాను అన్నాడు.

ఈ ఒక్క మాట మీద బ్యాండ్ నిలబడింది. ఆజీకి టోనీ అంటే బడినాటి భయం, టోనీకి ఆజీ పాడతాడన్న నమ్మకం లేదు, వాళ్లిద్దర్నీ ఎవరైనా ఆడిషన్ పెట్టి కలపాలంటే కలిసేవాళ్లు కాదు. మధ్యలో బిల్ పెట్టిన షరతు వల్ల ఒకరినొకరు కోరుకోని ఇద్దరు ఒకే గదిలోకి వచ్చారు. తర్వాత ఆ బ్యాండ్ అంటే గుర్తొచ్చేది టోనీ గిటారూ ఆజీ గొంతే.

మొదట నలుగురు కాదు, ఆరుగురు. స్లైడ్ గిటార్ ఒకరు, శాక్సఫోన్ ఒకరు ఎక్కువ ఉండేవాళ్లు. పేరు పోల్కా టల్క్ బ్లూస్ బ్యాండ్, ఈ పేరు ఎక్కడిదంటే రెండు కథలున్నాయి, ఆజీ వాళ్లమ్మ టాల్కమ్ పౌడర్ డబ్బా మీదిదని ఒకటి, మన ఉపఖండం వాళ్లు నడిపే బట్టల షాపు పేరని ఇంకొకటి. మొదటి ప్రోగ్రాములు కార్లైల్ వైపే దొరికాయి, మైథాలజీ రోజుల పరిచయాలు అక్కడ పనికొచ్చాయి. కొన్నాళ్లకే ఆరుగురితో కుదరట్లేదని అర్థమైంది, ఒక గిటార్ మీద ఇంకో గిటార్, దాని మీద శాక్సఫోన్, ఎవరు ఏం వాయిస్తున్నారో తెలీని గోల. ఆ ఇద్దర్నీ మొహం మీద వెళ్లిపొమ్మని చెప్పలేక బ్యాండ్ ఆపేస్తున్నాం అని చెప్పి, తర్వాత నలుగురే ఎర్త్ అనే పేరుతో మళ్లీ మొదలుపెట్టారు. అది పెద్దగా మెచ్చుకోవాల్సిన పద్ధతి కాదు, ఇరవై ఏళ్ల కుర్రాళ్లు కష్టమైన మాట ఎదురుగా చెప్పలేక చేసిన పని. సంగీతం పరంగా మాత్రం నిర్ణయం సరైనదే.

గీజర్ బేస్‌కి మారింది కూడా ఇలాంటి సర్దుబాటులోనే. ఇంకో గిటారిస్టుతో కలిసి వాయించడం టోనీకి ఇష్టం లేదు, బ్యాండ్‌లో బేస్ లేదు, కాబట్టి గీజర్ బేస్. క్రీమ్ బ్యాండ్‌లో జాక్ బ్రూస్ బేస్ వాయించే తీరు అతనికి ప్రాణం, పైగా గిటార్ వేళ్లతో వచ్చినవాడు కాబట్టి బేస్ మీద కూడా టోనీ రిఫ్‌ని, అంటే గిటార్ మీద మళ్లీ మళ్లీ వచ్చే ముక్కని, వెన్నంటి వెళ్లేవాడు, గిటార్, బేస్ రెండూ ఒకే వాక్యం పలుకుతుంటే ఆ శబ్దం గోడలా వచ్చి పడుతుంది. టోనీ తీగలు పల్చన, వేళ్లకి స్పర్శ లేదు, కాబట్టి కింద ఆ బలం ఉండటం అవసరం కూడా. ఎవరూ కాగితం మీద ప్లాన్ గీసుకుని చేసింది కాదు, ఉన్నవాళ్లతో ఉన్నచోట ఖాళీ పూడ్చుకున్నారు, అదే వాళ్ల శబ్దం అయింది.

1968 డిసెంబర్‌లో ఇదంతా చెదిరిపోయేదే. జెత్రో టల్ అనే బ్యాండ్ అప్పుడే పైకొస్తోంది, వాళ్ల గిటారిస్టు వెళ్లిపోతే టోనీని పిలిచారు. మిగతా ముగ్గురూ ఇలాంటి చాన్స్ మళ్లీ రాదు వెళ్లు అన్నారు. వెళ్లాడు, రోలింగ్ స్టోన్స్ వాళ్లు చేసిన ఒక టీవీ షోలో జెత్రో టల్‌తో కనిపించాడు కూడా, కొన్ని వారాల్లోనే తిరిగి వచ్చేశాడు. అక్కడ తను జీతానికి పనిచేసే గిటారిస్టు, ఇక్కడ బ్యాండ్ తనది, ఆ తేడా అతనికి తెలిసింది. వస్తూ వస్తూ ఒక అలవాటు కూడా తెచ్చాడు, వాళ్లు రోజూ పొద్దున్నే తొమ్మిదింటికి ప్రాక్టీస్‌లో ఉండటం చూశాడు. నలుగురిలో డ్రైవింగ్ వచ్చింది టోనీకే, అందుకని వ్యాన్ వేసుకుని ఇంటింటికీ వెళ్లి తొమ్మిదికి ముందే మిగతావాళ్లని నిద్రలేపి ఎక్కించుకొచ్చేవాడు. నలుగురి ఇళ్లూ ఒకే ఏరియాలో ఉండటం వల్ల ఇది సాధ్యమైంది, నాలుగు మూలల నుంచి నాలుగు బస్సులు ఎక్కి రావాల్సిన బ్యాండ్ అయితే వారంలో ఆగిపోయేది.

బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల మోతే ఈ సంగీతంలోకి వచ్చింది అని ఒక మాట ఎప్పుడూ వినబడుతుంది. అందులో నిజం లేదని కాదు, ఇరవై నాలుగ్గంటలూ ఇనుము మీద సుత్తి పడే చప్పుడు మధ్య పెరిగినవాళ్లు. కానీ అదే చప్పుడు వింటూ పెరిగిన లక్షల మంది మెటల్ వాయించలేదు, అదే ఊరి చుట్టుపక్కల నుంచి పూర్తిగా వేరే రకం బ్యాండ్‌లు కూడా వచ్చాయి. ఫ్యాక్టరీ చేసిన అసలు పని ఇంకోటి, అది అందర్నీ ఒకే నాలుగు వీధుల్లో ఇరికించింది, ఒకరి వేళ్లు తీసుకుంది, ఇంకొకరి తండ్రికి 250 పౌండ్ల అప్పు పుట్టేంత జీతం ఇచ్చింది, అందరికీ ఇక్కడే ఉంటే జీవితాంతం ఇదే అనే భయం పెట్టింది.

ఇలాంటి కథ బర్మింగ్‌హామ్ ఒక్కదాందే అనుకోనక్కర్లేదు. 1976లో డబ్లిన్‌లో లారీ ములెన్ అనే పద్నాలుగేళ్ల డ్రమ్మర్ బడి నోటీసు బోర్డు మీద కాగితం పెడితే వచ్చిన పిల్లలే యూ2 అయ్యారు, మొదటి ప్రాక్టీస్ వాళ్ల వంటింట్లో. 1957 జూలై 6న లివర్‌పూల్‌లో చర్చి దగ్గర జరిగిన తిరునాళ్లలో జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ కలిశారు, కలిపింది ఇద్దరికీ తెలిసిన ఒక స్నేహితుడు. నోటీసు బోర్డు, షాపు గోడ, తిరునాళ్లు, తెలిసినవాడు ఒకడు, ఎక్కడైనా దాదాపు ఇవే.

ఎర్త్ అనే పేరు ఎక్కువ రోజులు ఉండలేదు, అదే పేరుతో ఇంకో బ్యాండ్ ఉండటంతో గందరగోళం అయింది. ప్రాక్టీస్ చేసే చోటికి ఎదురుగా సినిమా హాలు, అందులో దెయ్యాల సినిమా ఆడుతుంటే జనం లైన్ కట్టారు, భయపడటానికి డబ్బులిచ్చి మరీ వెళ్తున్నారు కదా, అలాంటి సంగీతం మనమే ఎందుకు చేయకూడదు అనే మాట అక్కడ పుట్టింది, 1963 నాటి ఆ సినిమా పేరే బ్యాండ్ పేరయింది. 1969 అక్టోబర్‌లో లండన్‌లో ఒక్క రోజులో మొదటి ఆల్బమ్ రికార్డ్ చేసేశారు, స్టేజి మీద వాయించినట్టే వాయించి వచ్చేశారు. 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం నాడు అది విడుదలైంది. కాగితం చూసి తలుపు కొట్టిన దగ్గర్నుంచి అక్కడికి రెండేళ్లు కూడా కాలేదు.

తర్వాతి కథ పొడుగు, గొడవలు, మత్తుమందులు, 1979లో ఆజీని తీసేయడం, మళ్లీ కలవడం, మళ్లీ విడిపోవడం. మొదట్లో టోనీ లేకుండా రాను అన్న బిల్, కాంట్రాక్ట్ కుదరక 2013 ఆల్బమ్‌లో లేడు, 2017 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్‌లో చివరి ప్రోగ్రాము అని చెప్పి చేసినదాంట్లో కూడా లేడు, డ్రమ్స్ మీద వేరే మనిషి కూర్చున్నాడు. అభిమానుల్లో చాలామందికి అది మానని గాయం. 2025 జూలై 5న విల్లా పార్క్‌లో ఆఖరి షో పెట్టినప్పుడు బిల్ వచ్చాడు, 2005 తర్వాత నలుగురూ ఒకే స్టేజి మీదకి రావడం అదే. పార్కిన్సన్స్ జబ్బుతో నిలబడలేని ఆజీ సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు, నలుగురూ కలిసి నాలుగు పాటలు. చిన్నప్పుడు ఆజీ మ్యాచ్ రోజుల్లో అక్కడికొచ్చే కార్లకి కాపలా ఉంటానని చిల్లర అడుక్కున్న వీధులు అవే, లాడ్జ్ రోడ్ ఇల్లు అక్కడికి నడిచి వెళ్లేంత దూరం. పదిహేడు రోజుల తర్వాత, జూలై 22న, ఆజీ చనిపోయాడు.